పాత ఆడి టీటీలో మాటిమాటికీ 'పోయే' సెన్సర్లు: వీసీడీఎస్ కేబుల్ కొనొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, కొనండి. ఆడి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఏదో ఒక పాత బండి మీ దగ్గరుండి, చెక్ ఇంజిన్ లైట్ వెలిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏదో ఒక సెన్సర్ మార్చి బిల్లు చేతిలో పెడుతుంటే, తర్వాతి సెన్సర్‌కి పెట్టబోయే డబ్బులు ఈ కేబుల్‌కి పెట్టండి. కారు కంప్యూటర్‌లోని లెక్కల్ని ల్యాప్‌టాప్‌లో చూపించే ఈ కేబుల్ పెన్సిల్వేనియాలోని రాస్-టెక్ అనే కంపెనీది. సాఫ్ట్‌వేర్ పేరు వీసీడీఎస్, ఒకప్పుడు వాగ్-కామ్ అనేవాళ్ళు, పాతకాపులు ఇప్పటికీ అలాగే అంటారు. నా దగ్గరున్నది హెక్స్-వీ2 కేబుల్, మూడు కార్లకి పనిచేసే రకం, సుమారు 200 డాలర్లు పడింది.

నా బండి మొదటి తరం ఆడి టీటీ, క్వాట్రో (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే రకం), 225 హార్స్‌పవర్ మోడల్. 1.8 లీటర్ టర్బో, సిలిండర్‌కి ఐదు వాల్వులు, ఆరు గేర్ల మాన్యువల్. ఇరవై ఏళ్ళు దాటిన కారు కాబట్టి రబ్బరూ ప్లాస్టిక్కూ ఎక్కడో ఒక చోట ఎండిపోయో నానిపోయో ఉంటాయి, ఆ వయసు బండి ఏ కంపెనీదైనా అంతే. మిషిగన్‌లో నోవై వైపు ఉంటాం. ఇక్కడి మనవాళ్ళలో చాలామంది కార్ల కంపెనీల్లోనో వాటికి పార్టులు చేసే కంపెనీల్లోనో పనిచేస్తారు కాబట్టి ఏ పార్టీకి వెళ్ళి బోనెట్ సంగతి ఎత్తినా సలహాలకి కొదవ ఉండదు, కానీ కొలిచి చెప్పే సలహా మాత్రం అరుదు.

కారుతో పాటు పాత ఓనరు బిల్లుల కట్ట కూడా ఇచ్చాడు. అది చదివితే కారు మీద జాలేసింది. మాఫ్ సెన్సర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఎంతో కొలిచి చెప్పే సెన్సర్, దాన్ని మార్చారు, కొన్ని నెలలకి మళ్ళీ మార్చారు, మధ్యలో ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, తర్వాత మళ్ళీ మాఫ్. ప్రతి బిల్లు మీదా ఒకటే మాట, ఇంజిన్ లీన్‌గా (గాలికి తగ్గ పెట్రోలు లేకుండా) నడుస్తోంది, సెన్సర్ మార్చాం, ఎర్రర్ కోడ్ చెరిపాం, టెస్ట్ డ్రైవ్ ఓకే. నా చేతికొచ్చాక కూడా అదే కథ. లైటు వెలిగింది, దగ్గర్లోని ఒక షాపుకి తీసుకెళ్తే చేతిలో పట్టే చిన్న రీడర్ తగిలించి, రెండు నిమిషాల్లో మాఫ్ అన్నారు. ఇప్పటికే ఇన్నిసార్లు మార్చారు కదా, ఈ సెన్సర్లు ఇంత తొందరగా ఎందుకు పోతున్నాయండీ అని అడిగితే జర్మన్ కార్లు అంతే సార్ అనే అర్థం వచ్చే జవాబు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఒక పార్టు మళ్ళీ మళ్ళీ పోతోందంటే, ఆ పార్టుని ఏదైనా చంపుతూ ఉండాలి, లేదా అది అసలు పోకుండానే మారుస్తూ ఉండాలి. ఈ రెండిట్లో ఏదో తేల్చకుండా మూడోసారి నాలుగోసారి అదే పార్టుకి డబ్బులు తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

అసలు లైటు కొన్నాళ్ళు ఆరిపోయి మళ్ళీ ఎందుకొస్తుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మాఫ్ చెప్పిన గాలి లెక్కని బట్టి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోలు కొడుతుంది. ఎగ్జాస్ట్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఫలితం చూసి ఇంకాస్త కావాలి అనో ఎక్కువైంది అనో చెబుతుంది. ఆ దిద్దుబాటుని ఈసీయూ మెల్లగా నేర్చుకుని గుర్తుపెట్టుకుంటుంది, దాన్నే ఫ్యూయెల్ ట్రిమ్ అంటాం. అది హద్దు దాటితే లైటు. సెన్సర్ మార్చినవాళ్ళు కోడ్ చెరిపేస్తారు కదా, ఈ ఇంజిన్లలో కోడ్ చెరిపితే ఈసీయూ నేర్చుకున్న దిద్దుబాటు కూడా సున్నాకి వెళ్ళిపోతుంది. అది మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని మళ్ళీ ఆ హద్దుకి చేరడానికి కొన్ని రోజులో వారాలో పడుతుంది. ఆ ఖాళీలో కొత్త సెన్సర్ పనిచేసింది అనే అందరూ నమ్ముతారు, షాపువాళ్ళతో సహా. లైటు తిరిగి రాగానే, కొత్త సెన్సర్ కూడా పోయింది అంటారు. ఏ సెన్సరూ మార్చకుండా ఉత్తినే కోడ్ చెరిపినా ఫలితం అచ్చం అలాగే ఉండేది.

ఇప్పుడు కేబుల్ దగ్గరికొద్దాం. ఒక కొస ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి, రెండో కొస స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి. ఆటో-స్కాన్ నొక్కితే ఒక్క ఇంజినే కాదు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, మీటర్ల క్లస్టర్, క్వాట్రో కంట్రోలర్, అన్నిటినీ వరసగా పలకరించి రిపోర్టు ఇస్తుంది. చిన్న రీడర్లకీ దీనికీ తేడా కోడ్ దగ్గరే తెలిసిపోతుంది. నా కారులో వచ్చింది 17544, అంటే పీ1136. లీన్ అని ఊరుకోదు, ఎడిటివ్ ట్రిమ్ లీన్ అంటుంది, అంటే ఐడిల్ దగ్గర, బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, లీన్ అని. నడుస్తున్నప్పుడు లీన్ అయితే వేరే కోడ్, 17536, పీ1128. మెకానిక్‌కి ఈ ఒక్క తేడా చాలు, వెతకాల్సిన చోటు మారిపోతుంది. రాస్-టెక్ వాళ్ళ వికీలో ఒక్కో కోడ్‌కీ లక్షణాలు, అవకాశం ఉన్న కారణాలు రాసి ఉంటాయి, అది ఉచితం, కేబుల్ లేనివాళ్ళు కూడా చదువుకోవచ్చు.

కానీ దీని అసలు విలువ కోడ్లలో లేదు, మెజరింగ్ బ్లాకుల్లో ఉంది. ఒక్కో బ్లాకుకి ఒక నంబరు, అందులో నాలుగు గడులు, ఇంజిన్ ఆ క్షణాన ఏమనుకుంటోందో ఆ గడుల్లో కనిపిస్తుంది. ఈ 1.8 టర్బో ఉన్నవాళ్ళు ముందు కంఠస్థం చేయాల్సింది 032. మొదటి గడి ఐడిల్ దగ్గరి దిద్దుబాటు, రెండో గడి లోడ్ మీద నడుస్తున్నప్పటి దిద్దుబాటు. రెండూ సున్నాకి దగ్గర్లో ఉంటే ఇంజిన్ సుఖంగా ఉన్నట్టు, ప్లస్ పది శాతం, మైనస్ పది శాతం దగ్గరికొస్తే గొడవ ఉన్నట్టు. నా కారులో మొదటి గడి ప్లస్ 10 దగ్గర కూర్చుంది, రెండోది ప్లస్ 1కి అటూ ఇటూ. ఆ రెండు అంకెలు చూసిన నిమిషంలోనే మాఫ్ మీద కేసు కొట్టేయొచ్చు. ఎలాగంటే, ఈ ఇంజిన్ ఐడిల్లో సెకనుకి 2 నుంచి 4 గ్రాముల గాలి మాత్రమే పీలుస్తుంది. మాఫ్ దాటిన తర్వాత ఎక్కడో చిన్న చిల్లు ఉండి, లెక్కలోకి రాని గాలి సెకనుకి గ్రాములో కొద్ది భాగం దూరినా అది పది శాతం అయిపోతుంది. అదే కారు పరిగెడుతున్నప్పుడు గాలి పదుల గ్రాములు, వంద గ్రాములు దాటుతుంది, అప్పుడు ఆ చిల్లు లెక్కకే రాదు. మాఫ్ నిజంగా తక్కువ చెబుతుంటే రెండో గడి కూడా పైకెక్కాలి కదా, ఎక్కలేదు. కాబట్టి సెన్సర్ చెప్పేది నిజమే, దాని వెనకాల నుంచి గాలి దొంగతనంగా వస్తోంది.

స్మోక్ మెషీన్ ఉన్న ఒక చిన్న షాపుకి ఈ అంకెలు రాసుకుని వెళ్ళాను. వాళ్ళు ఇన్‌టేక్‌లోకి పొగ పంపితే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద నుంచి సన్నగా పైకొచ్చింది. ఈ ఇంజిన్లలో మ్యానిఫోల్డ్ కింద క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) గాలిని బయటికి తెచ్చే హోస్ పైపులు ఒక గుత్తిగా ఉంటాయి, టీ ఆకారపు జాయింట్లు, మధ్యలో గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు. ఎప్పుడూ ఆయిల్ ఆవిరి తగులుతూ ఉంటుంది కాబట్టి రబ్బరు లోపల నుంచి ఉబ్బుతుంది. పై నుంచి టార్చి వేసి చూస్తే పైపు నల్లగా, నిగనిగలాడుతూ కొత్తదానిలాగే ఉంది. బయటికి తీసి చేత్తో పట్టుకుంటే నీళ్ళలో నానిన అప్పడంలా మెత్తగా ఉంది, వంచితే అడుగు వైపు వేలెడు పొడుగున చీలిక నోరు తెరిచింది. క్లిప్పు పక్కనే, ఎవరికీ కనపడని వైపు. ఆ పైపు, చెక్ వాల్వు, కొత్త క్లాంపులు మార్చాక 032లో మొదటి గడి కొన్ని రోజుల డ్రైవింగ్‌లోనే ప్లస్ 2 లోపలికి దిగింది, అక్కడే ఉంది. ఆ కట్టలోని మాఫ్ బిల్లులన్నీ కలిపితే ఇలాంటి పైపులు ఎన్ని సెట్లు వచ్చేవో.

మాఫ్ నిజంగా బాగుందా లేదా అనే అనుమానం కూడా మిగల్చకూడదనుకుంటే 003 బ్లాకు లాగ్ చేయండి. ఆర్‌పీఎమ్, గాలి గ్రాముల్లో, థ్రాటిల్, ఇగ్నిషన్ టైమింగ్, నాలుగూ అందులోనే ఉంటాయి. లాగ్ బటన్ నొక్కితే ఎక్సెల్లో తెరుచుకునే సీఎస్వీ ఫైలు తయారవుతుంది. ఖాళీగా ఉన్న హైవే ర్యాంపు మీద యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఆర్‌పీఎమ్ పైదాకా పోనిచ్చి, తర్వాత ఇంట్లో తీరిగ్గా చూడండి. ల్యాప్‌టాప్ పట్టుకోవడానికి పక్క సీట్లో ఒక మనిషి ఉండాలి, డ్రైవ్ చేస్తూ స్క్రీన్ చూడొద్దు, ఇది గట్టిగా చెబుతున్నా. మార్పులేవీ చేయని ఇంజిన్‌కి లెక్క సులభం, హార్స్‌పవర్‌ని 0.8తో గుణించండి, గరిష్ఠంగా సెకనుకి దాదాపు అన్ని గ్రాములు కనిపించాలి. 225కి 180 గ్రాములు. నాది 170 దాటింది, వయసుకి అది చాలా బాగున్నట్టు.

దీనికి పూర్తిగా తిరగేసిన కేసు కూడా చూశాను. కాంటన్‌లో ఉండే ఫ్రెండ్‌ది ఫోక్స్‌వ్యాగన్ జీటీఐ, అదే ఇంజిన్ కుటుంబం, 180 హార్స్‌పవర్. గాలి బాగా ఆడుతుందని నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ వేయించాడు. వాడి 032లో ఐడిల్ గడి సున్నా దగ్గరే, రెండో గడి మాత్రం ప్లస్ 12. లాగ్ చేస్తే 145 రావాల్సిన చోట వందకి కాస్త పైన ఆగిపోయింది. మాఫ్ లోపల వేడెక్కే సన్నటి పొర ఒకటి ఉంటుంది, గాలి దాన్ని ఎంత చల్లబరుస్తోందో చూసి లెక్క చెబుతుంది, ఫిల్టర్ నూనె ఆ పొర మీద పేరుకుంటే చల్లబడటం సరిగ్గా తెలీదు. మాఫ్ క్లీనర్ స్ప్రే కొడితే కొంత తేరుకుంది, పూర్తిగా రాలేదు, చివరికి బాష్ సెన్సర్ వేసి మామూలు పేపర్ ఫిల్టర్ పెట్టాం. అక్కడ సెన్సర్ మార్చడం న్యాయమే, కానీ ఫిల్టర్ మార్చకుండా సెన్సర్ మాత్రమే మార్చి ఉంటే అది కూడా నూనె పట్టి మళ్ళీ మొదటికే వచ్చేది. స్ప్రే కొట్టేటప్పుడు ఆ పొరని వేలితో గానీ గుడ్డతో గానీ తాకకండి, చాలా సున్నితం.

ఇక కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, జీ62. ఈ తరం కార్లలో ఇది పేరుమోసిన జబ్బు, పాత నల్ల సెన్సర్ బదులు పచ్చ సెన్సర్ వేయమని ఈ కార్ల గురించి తెలిసిన వాళ్ళంతా చెబుతారు. దీనిలో తికమక ఏంటంటే, ఒకే సెన్సర్ ఒంట్లో రెండు విడి భాగాలు ఉంటాయి, ఒకటి మీటర్లో ముల్లుకి, రెండోది ఈసీయూకి, అందుకే నాలుగు పిన్నులు. ఈసీయూ వైపు భాగం పాడైనా మీటరు ముల్లు నిటారుగా మధ్యలోనే నిలబడి అంతా బాగుందంటుంది. జనవరిలో నా కారు పొద్దున్నే స్టార్ట్ అవడానికి ఇబ్బంది పెడుతోంది, కోడ్ ఏమీ లేదు. రాత్రంతా బయట వదిలేసి, పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం తిప్పి 004 బ్లాకు తెరిచాను. లోపలికొచ్చే గాలి మైనస్ 8 డిగ్రీలు, బయట కూడా అంతే. కూలెంట్ మాత్రం ప్లస్ 24 అని చూపిస్తోంది. రాత్రంతా గడ్డకట్టే చలిలో ఉన్న ఇంజిన్ 24 డిగ్రీలు ఉండే అవకాశమే లేదు. ఈసీయూ దాన్నే నమ్మి, ఇంజిన్ వెచ్చగానే ఉంది కదా అని పెట్రోలు తక్కువ కొడుతోంది. ఇంతకంటే తేలికైన పరీక్ష ఇంకోటి లేదు, ఖర్చు లేదు, ఒక్క బోల్టు విప్పక్కర్లేదు. చవక సెన్సర్, మార్చడం కూడా తేలిక, కాకపోతే ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయండి, ఓ-రింగ్ కొత్తది వేయండి, పోయినంత కూలెంట్ సరైన రకంతోనే నింపండి.

నచ్చనివి కూడా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది, చూడటానికి పాతకాలపు ఆఫీసు ప్రోగ్రాములా ఉంటుంది, ఎక్కడ ఏముందో అలవాటయ్యేదాకా చిరాకే. ఫోన్‌లో చూడాలంటే హెక్స్-నెట్ అనే వైఫై రకం కావాలి, ఈ కేబుల్ సరిపోదు. మూడు కార్ల పరిమితి ఇంకో ఇబ్బంది. మీరు కనెక్ట్ చేసిన కారు విన్ నంబరుని (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) కేబుల్ గుర్తుపెట్టుకుంటుంది, మూడూ నిండాయంటే డబ్బు కట్టి పరిమితి పెంచుకోవాలి. మన ఫ్రెండ్స్ సర్కిల్‌లో ఇలాంటి కేబుల్ ఒకరి దగ్గర ఉందని తెలిస్తే ప్రతి వీకెండూ ఒక కారు వచ్చి ఇంటి ముందు ఆగుతుంది, కాబట్టి ఆలోచించి ఇవ్వండి, లేదా నలుగురు కలిసి పది కార్ల రకం తీసుకోండి. బండి కూడా ఈ గ్రూపుదే అయి ఉండాలి, ఇంట్లో ఉన్న హోండాకో టొయోటాకో ఈ పనులేవీ చేయదు. అప్‌డేట్లకి మాత్రం డబ్బులడగరు, సబ్‌స్క్రిప్షన్ లేదు, ఆ విషయంలో ఈ కంపెనీ మీద నాకు చాలా గౌరవం.

పెద్ద లోటు ఒకటుంది, ముఖ్యంగా నా బండి వయసున్న కార్లకి. పాత కార్లలో డేటా వచ్చే వేగం తక్కువ, ఒకేసారి మూడు బ్లాకులు తెరిస్తే ఇంకా నెమ్మది. ఇంజిన్ తిరుగుడుని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ జీ28 లాంటివి వేడెక్కినప్పుడు కన్నుమూసి తెరిచేంతలో సిగ్నల్ వదిలేసి మళ్ళీ పట్టుకుంటాయి. అలాంటి క్షణాన్ని ఈ కేబుల్ చాలాసార్లు పట్టుకోలేదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ అవుతుంటే, సిగ్నల్‌ని గీతగా గీసి చూపించే ఆసిలోస్కోప్ ఉన్న మెకానిక్‌ని వెతుక్కోండి. వైరింగ్ తెగిందా, కనెక్టర్ పిన్ను తుప్పు పట్టిందా అనేదానికి కూడా మల్టీమీటర్ పట్టుకుని మనిషి వంగి చూడాల్సిందే. ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి తుప్పుని ఎప్పుడూ అనుమానిస్తూనే ఉండాలి.

ఆన్‌లైన్ బజార్లలో ఇరవై ముప్పై డాలర్లకి ఇదే పేరుతో నకిలీ కేబుళ్ళు దొరుకుతాయి. వద్దు. పాత దొంగ సాఫ్ట్‌వేర్‌తో వస్తాయి, అప్‌డేట్ చేస్తే ఆగిపోతాయి, అడగడానికి మనిషి ఉండడు, అన్నిటికంటే ముందు ఇంత శ్రద్ధగా పనిచేసే చిన్న కంపెనీ కష్టాన్ని కొట్టేసినట్టు. డబ్బు గురించే అయితే ఓబీడీ-ఎలెవన్ లాంటి ఫోన్‌తో నడిచేవి ఉన్నాయి, కొత్త కార్లలో సెట్టింగులు మార్చుకునేవాళ్ళకి అవి సుఖంగా ఉండొచ్చు, నాకు మాత్రం పెద్ద స్క్రీన్ మీద గంటసేపు లాగ్ చూసే పనికి వీసీడీఎసే నచ్చింది.

కాలిఫోర్నియా లాంటి చోట స్మాగ్ టెస్ట్ (బండి పొగ పరీక్ష) ఉన్నవాళ్ళకి ఒక మాట. టెస్టుకి ముందు రోజు కోడ్ చెరిపేస్తే రెడినెస్, అంటే కారు తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందని చెప్పే గుర్తు, అది కూడా చెరిగిపోతుంది, టెస్ట్ పాస్ కారు. రెడినెస్ ఎంతవరకు వచ్చిందో ఈ కేబుల్ చూపిస్తుంది, చూసుకుని వెళ్ళండి. ఇండియాలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇప్పటికీ మొదటి ఆక్టేవియా ఆర్‌ఎస్ ప్రేమగా చూసుకునేవాళ్ళున్నారు, దాని ఇంజినూ ఈ 1.8 టర్బో కుటుంబమే, 032, 003, 004 బ్లాకుల పద్ధతి అక్కడా ఇదే. 150 హార్స్‌పవర్ అనుకుంటే 120 గ్రాముల దగ్గర చూసుకోండి. మన ఎండలకి రబ్బరు పైపులు ఇంకా తొందరగా గట్టిపడి పగులుతాయి కాబట్టి, సెన్సర్ ఆర్డర్ పెట్టేముందు మ్యానిఫోల్డ్ కింద చెయ్యి పెట్టి పైపులు తడిమి చూడమని మెకానిక్‌ని అడగండి.

కొన్నవాళ్ళు కేబుల్ వచ్చిన రోజే, లైటు వెలగకపోయినా సరే, బండి బాగా నడుస్తున్నప్పుడే ఈ మూడు బ్లాకులూ ఒకసారి లాగ్ చేసి, తేదీ, బయట చలి ఎంతో, ఓడోమీటర్ అంకె పేరులో పెట్టి సేవ్ చేసుకోండి. రేపు ఏ షాపులోనైనా ఫలానా సెన్సర్ పోయిందంటే, ఆ ఫైలు పక్కన పెట్టి ఇవాళ్టి అంకెలు చూపించమని అడగండి.